కారు ఏసీ: బెల్టు విప్పే రోజుల నుంచి

ఈనాటి కారు ఏసీలోని నాలుగు ముఖ్య భాగాలూ 1834 నాటి ఒక పేటెంటులోనే కనిపిస్తాయి. లండన్‌లో స్థిరపడిన అమెరికన్ ఇంజనీరు జేకబ్ పెర్కిన్స్, మూసిన గొట్టాల్లో ఈథర్‌ను తిప్పుతూ మంచు చేసే యంత్రానికి ఆ ఏడాది హక్కులు పొందాడు. ఈథర్ ఆవిరిని నొక్కే పంపు, ఆ ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే గొట్టపు చుట్ట, ద్రవాన్ని కొద్దికొద్దిగా వదిలే కవాటం, వదిలిన ద్రవం మళ్లీ మరిగే పాత్ర. ఇవే ఆ నాలుగు. తరవాతి కాలంలో వీటికి కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఎవాపరేటర్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. చివరిదాన్ని మన మెకానిక్ షెడ్లలో కూలింగ్ కాయిల్ అంటారు. దాదాపు రెండు శతాబ్దాల్లో ఈ వరస మారలేదు. మారినవి గొట్టాల్లో తిరిగే పదార్థం, దాన్ని అదుపు చేసే తీరు, అది బయటికి కారిపోకుండా పెట్టే బిగింపులు. కారు ఏసీ చరిత్రలో చెప్పుకోదగ్గ మలుపులన్నీ ఈ మూడింటి చుట్టూనే ఉన్నాయి.

ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని పక్కనున్న లోహం నుంచీ గాలి నుంచీ లాక్కుంటుంది. ఆవిరి తిరిగి ద్రవమయ్యేటప్పుడు అదే వేడిని వదిలేస్తుంది. ఈ మార్పు ఏ ఉష్ణోగ్రత దగ్గర జరగాలన్నది ఒత్తిడి చేతిలో ఉంటుంది. మన దేశంలో చాలాకాలంగా కార్లలో వాడుతున్న ఆర్-134ఏ గ్యాసునే తీసుకుంటే, గేజీ మీద సుమారు 28 పీఎస్ఐ ఒత్తిడి ఉన్నప్పుడు అది సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఒత్తిడి 230 పీఎస్ఐకి పెంచితే 60 డిగ్రీల వేడిలో కూడా ద్రవంగా మారుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటి గాలి 45 డిగ్రీలుంటుంది. ఆ గాలిలోకి వేడిని వదలాలంటే కండెన్సర్‌లోని గ్యాసు అంతకంటే బాగా వేడిగా ఉండక తప్పదు. గ్యాసును నొక్కి అంత వేడికి ఎక్కించడమే కంప్రెసర్ పని.

అక్కడి నుంచి దారి ఇలా సాగుతుంది. కంప్రెసర్ వదిలిన ఆవిరి చెయ్యి పెడితే కాలేంత వేడిగా, రేడియేటర్‌కు ముందున్న కండెన్సర్‌లోకి వెళ్తుంది. కారు కదిలేటప్పుడు తగిలే గాలి, ఆగినప్పుడు ఫ్యాను విసిరే గాలి దాని వేడిని తీసుకుపోతాయి. ద్రవమైన గ్యాసు డ్రయర్ అనే చిన్న డబ్బాలో ఆగుతుంది. అందులోని గుళికలు తేమను పట్టేసుకుంటాయి. తేమ మిగిలితే వాల్వు సన్నటి రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. డ్రయర్ దాటిన ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వులో ఒక్కసారిగా ఒత్తిడి కోల్పోయి, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతుంది. బ్లోయర్ తోలే గాలి ఆ కాయిల్ రేకుల మధ్య నుంచి వెళ్తూ వేడినీ తేమనూ అక్కడే వదిలేస్తుంది. ఎండాకాలంలో ఆగి ఉన్న కారు కింద బొట్టుబొట్టుగా పడే నీళ్లు ఆ తేమే. ఆవిరైన గ్యాసు, చెమట పట్టిన చల్లని గొట్టం గుండా మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. గ్యాసుతోపాటే కొద్దిగా నూనె కూడా ఈ దారంతా తిరుగుతుంది. కంప్రెసర్‌కు నూనె అందే మార్గం అదొక్కటే. అందుకే గ్యాసు బాగా తగ్గిన కారులో ఏసీ నడిపితే చల్లదనం రాకపోవడంతో ఆగదు, నూనె అందక కంప్రెసరే పట్టేస్తుంది.

ఇంట్లో ఫ్రిజ్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. కానీ ఫ్రిజ్‌లో మోటారూ కంప్రెసరూ ఒకే ఉక్కు డొప్పలో పెట్టి వెల్డింగు చేస్తారు, గొట్టాలన్నీ అతికి ఉంటాయి. కదలిక లేని వస్తువు కాబట్టి అందులో గ్యాసు దశాబ్దాలపాటు నిలుస్తుంది. కారులో కంప్రెసర్‌ను ఇంజను బెల్టు తిప్పుతుంది. దాని ఇరుసు డొప్పలోంచి బయటికి పొడుచుకు రావాలి, అది తిరుగుతూ ఉండగానే చుట్టూ గ్యాసు కారకుండా సీలు వేయాలి. ఇంజను ఊగుతుంది కాబట్టి బిగుతైన లోహపు గొట్టాలు పనికిరావు, రబ్బరు గొట్టాలు కావాలి. రబ్బరులోంచి గ్యాసు కొద్దికొద్దిగా జారుకుంటుంది. పైగా వేగం ఒక చోట నిలవదు. సిగ్నల్ దగ్గర ఆగిన కారుకు చల్లదనం ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, కండెన్సర్‌కు గాలి తగలదు. హైవే మీద అంత అవసరం లేనప్పుడు కంప్రెసర్ పరుగులు తీస్తుంది. మామూలు ఫ్రిజ్ తయారుచేసేవాళ్లకు ఈ తలనొప్పులేవీ లేవు.

ఈ చిక్కులన్నిటికంటే ముందు, మనుషుల మధ్య పెట్టగలిగిన గ్యాసు దొరకాలి. పెర్కిన్స్ వాడిన ఈథర్ భగ్గున మండే పదార్థం. తరవాత వచ్చిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ మంచు ఫ్యాక్టరీల్లో బాగా పనిచేశాయి గానీ, కారితే ఊపిరాడదు. మిథైల్ క్లోరైడ్‌కు పెద్దగా వాసన లేదు, అదే దాని ప్రమాదం. 1920ల చివర్లో అమెరికాలో ఫ్రిజ్‌ల నుంచి అది కారి ఇళ్లలో మనుషులు చనిపోయారు. నలుగురు కూర్చునే మూసిన పెట్టెలో అలాంటిదాన్ని ఎవరూ బిగించుకోరు. కాబట్టి ఆనాటి ప్రయాణికులు పాత ఉపాయాలతోనే గడిపారు. మన దేశంలో ఫ్రాంటియర్ మెయిల్ రైలుకు 1934లో చేర్చిన చల్లని పెట్టెలో నేల కింద మంచు దిమ్మలు పెట్టి, వాటి మీదుగా గాలిని లోపలికి తోలేవారు. అమెరికా నైరుతి ఎడారి రాష్ట్రాల్లో కారు కిటికీకి బయట డబ్బాలాంటి నీటి కూలర్లు తగిలించుకునేవారు. మన ఎయిర్ కూలర్లలాగే అవి పొడి గాలిలోనే పనిచేస్తాయి. తేమ నిండిన కోస్తా ఊళ్లలో వాటివల్ల ఉక్కపోత పెరగడమే తప్ప ఒరిగేదేమీ ఉండదు.

గ్యాసు సమస్యకు పరిష్కారం ఒక కార్ల కంపెనీ నుంచే వచ్చింది. ఫ్రిజిడేర్ అప్పట్లో జనరల్ మోటార్స్ సొంతం. విషం కాని, మండని గ్యాసు కోసం ఆ సంస్థ థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరుకు పని అప్పగించింది. అతనూ, ఆల్బర్ట్ హెన్నీ, రాబర్ట్ మెక్‌నరీ కలిసి 1928లో ఫ్లోరిన్, క్లోరిన్, కార్బన్ కలిసిన సమ్మేళనాల్లో దాన్ని పట్టుకున్నారు. 1930లో అట్లాంటాలో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో మిడ్జ్‌లీ ఆ గ్యాసును ఊపిరి నిండా పీల్చి, మెల్లగా ఊది, వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పాడు. విషం కాదని, మండదని ఒకే ఊపిరిలో చూపించాడన్నమాట. డ్యుపాంట్‌తో కలిసి జనరల్ మోటార్స్ దాన్ని ఫ్రియాన్ పేరుతో తయారుచేసింది. కార్లలోకి వచ్చిన రకం ఆర్-12. మామూలు వాతావరణ ఒత్తిడిలో అది మైనస్ 29.8 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పెట్రోలులో సీసం కలిపే పద్ధతి కనిపెట్టినవాడూ ఈ మిడ్జ్‌లీయే. తన కాలంలో బహుమతులు అందుకున్న ఆ రెండు ఆవిష్కరణలూ వాతావరణానికి చేసిన చేటు చూడకుండానే 1944లో చనిపోయాడు.

ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారును మొదట జనం ముందు పెట్టింది ప్యాకార్డ్ సంస్థ, 1939 నవంబరులో షికాగో కార్ల ప్రదర్శనలో. 1940 మోడల్‌కు అదనంగా కొనుక్కోవలసిన ఆ పరికరాన్ని క్లీవ్‌లాండ్‌కు చెందిన బిషప్ అండ్ బాబ్‌కాక్ కంపెనీ తయారుచేసేది. కంప్రెసర్ ఇంజను పక్కన, కూలింగ్ కాయిల్ మాత్రం వెనక సీటు వెనక డిక్కీలో. రెండింటి మధ్య కారు పొడవునా గొట్టాలు. సామాను పెట్టుకునే చోటులో సగం దానికే పోయేది. గాలి వెనక నుంచి వచ్చేది కాబట్టి ముందు కూర్చున్నవాళ్ల మెడలు చల్లబడేవి, ముఖాలకు చెమటలు పట్టేవి.

అసలు లోపం అది కూడా కాదు. ఆ ఏసీకి ఆపే ఏర్పాటు లేదు. డ్రైవరు చేతిలో ఉన్నది బ్లోయర్ స్విచ్ ఒక్కటే. అది కట్టేస్తే గాలి ఆగుతుంది, కంప్రెసర్ మాత్రం ఇంజనుతోపాటు తిరుగుతూనే ఉంటుంది. చలికాలం వస్తే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టును చేత్తో విప్పి పక్కన పెట్టుకోవాలి. మళ్లీ వేసవికి తగిలించుకోవాలి. కాడిలాక్ 1941లో ఇదే తరహా ఏసీతో కొన్ని కార్లు చేసింది. ఆ ఏడాదితో ప్యాకార్డ్ ఈ సదుపాయాన్ని మానేసింది. యుద్ధం వచ్చి అమెరికాలో కార్ల తయారీనే నిలిచిపోయింది.

పన్నెండేళ్ల విరామం తరవాత 1953లో క్రైస్లర్, జనరల్ మోటార్స్, ప్యాకార్డ్ దాదాపు ఒకేసారి మళ్లీ రంగంలోకి దిగాయి. క్రైస్లర్‌ది ఎయిర్‌టెంప్. న్యూయార్క్‌లోని క్రైస్లర్ భవనాన్ని చల్లబరిచే ప్రయత్నంలో పుట్టిన విభాగం అది. జనరల్ మోటార్స్ తన ఫ్రిజిడేర్ పరికరాన్ని కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లలో బిగించింది. డిక్కీ సమస్య అలాగే ఉంది. వెనక అద్దం కింద నుంచి పైకి లేచే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాల గుండా చల్లగాలి పైకప్పుకు ఎక్కేది. ఆ గొట్టాలు బయటికి కనబడేవి కాబట్టి కారులో ఏసీ ఉందని వీధిలో అందరికీ తెలిసేది. కొన్నవాళ్లకు అదొక లాభం.

మలుపు 1954లో నాష్ కంపెనీ నుంచి వచ్చింది. ఫ్రిజ్‌లు చేసే కెల్వినేటర్‌తో కలిసిపోయిన సంస్థ కావడం దానికి కలిసొచ్చింది. దాని ఏసీలో అన్ని భాగాలూ కారు ముందు భాగంలోనే సర్దుకున్నాయి. హీటరూ ఏసీ ఒకే పెట్టెలో, ఒకే మీటల వరసలో వచ్చాయి. వెల 345 డాలర్లు, అప్పటి పోటీదార్లు అడిగినదాంట్లో దాదాపు సగం. కంప్రెసర్ కప్పీలో విద్యుదయస్కాంత క్లచ్ ఉంది. స్విచ్ వేస్తే అయస్కాంతం పలకను పట్టి కంప్రెసర్‌ను తిప్పుతుంది, తీస్తే కప్పీ వట్టిగా తిరుగుతుంది, ఇరుసు నిలిచిపోతుంది. ఏసీ బటన్ నొక్కగానే బానెట్ కింద నుంచి వినిపించే టక్‌మనే చప్పుడు ఈ క్లచ్‌దే. ప్యాకార్డ్ యజమాని బెల్టు విప్పి చేసుకున్న పనిని ఇది క్షణంలో చేసేస్తుంది. కారు ఏసీని విలాసం నుంచి వాడుక వస్తువుగా మార్చిన ఘనత కొత్త గ్యాసు కంటే, కొత్త కంప్రెసర్ కంటే ఈ క్లచ్‌కే ఎక్కువ దక్కాలి.

పెద్ద కంపెనీలు ఖరీదైన కార్లలోనే ఏసీ పెడుతున్న ఆ రోజుల్లో మామూలు కార్లకు దాన్ని అందించింది టెక్సస్ రాష్ట్రపు చిన్న తయారీదార్లు. డ్యాష్‌బోర్డు కింద వేలాడదీసే పెట్టె, ఇంజనుకు బిగించే కంప్రెసర్, రెండు రబ్బరు గొట్టాలు. గ్యారేజీలో ఒక్క పూటలో బిగించగల సామాను. డల్లాస్‌లోని జాన్ ఇ. మిచెల్ కంపెనీ పత్తి జిన్నింగు యంత్రాల భాగాలు చేస్తూ ఈ వ్యాపారంలోకి వచ్చింది.  జపాన్‌లో సాంక్యో, అంటే నేటి సాండెన్, మిచెల్ దగ్గర నేర్చుకున్న విద్యతోనే 1970ల్లో అయిదు సిలిండర్ల చిన్న కంప్రెసర్లు చేసి ప్రపంచమంతా అమ్మింది. 1969 నాటికి అమెరికాలో తయారయ్యే కొత్త కార్లలో సగానికి పైగా ఏసీతో వచ్చేవి.

ఆ దశలో ఇంజనీర్ల దృష్టి అదుపు మీదికి మళ్లింది. కాయిల్ సున్నా డిగ్రీల కిందికి దిగితే దాని మీది తేమ మంచై రేకుల మధ్య సందులు పూడుకుపోతాయి, గాలి ఆడదు. మొదట్లో కంప్రెసర్‌ను ఆపకుండా వాల్వులతో ఒత్తిడిని నిలబెట్టేవారు. తరవాత క్లచ్‌నే మాటిమాటికీ వేసి తీసే పద్ధతి వచ్చింది. 1970ల్లో పెట్రోలు ధర పెరిగాక జనరల్ మోటార్స్ ఖరీదైన ఎక్స్‌పాన్షన్ వాల్వు బదులు సన్నటి రంధ్రమున్న ఒక చిన్న గొట్టం పెట్టింది. దానికి తెలివి లేదు, ద్రవం ఎక్కువైనా తక్కువైనా ఒకేలా వదులుతుంది. మిగిలిన ద్రవం కంప్రెసర్‌లోకి పోకుండా కాయిల్ తరవాత అక్యుములేటర్ డబ్బా చేర్చి ఆ లోటు తీర్చారు. 1980ల్లో పిస్టన్ల ప్రయాణం తనంతట తానే పెంచుకునే, తగ్గించుకునే కంప్రెసర్లు వచ్చాయి. క్లచ్ పడినప్పుడు చిన్న ఇంజను కారు ఇచ్చే కుదుపు వాటితో బాగా తగ్గింది.

ఇంతవరకూ గ్యాసు కారడం ఖర్చు విషయంగానే ఉండేది. ఏటా వేసవికి ముందు గ్యాసు కొట్టించుకోవడం మామూలే. లీకు వెతికే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. మెకానిక్కులు పాత గ్యాసును గాల్లోకి వదిలేసి కొత్తది నింపేవారు. 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ అన్న రసాయన శాస్త్రజ్ఞులు ఆ గ్యాసు ఎక్కడికి పోతుందో లెక్కగట్టారు. కింది వాతావరణంలో దాన్ని విరగ్గొట్టేది ఏదీ లేదు. మిడ్జ్‌లీ మెచ్చుకున్న స్థిరత్వమే అది. అలాగే పైకి చేరి, అతినీలలోహిత కిరణాలకు విరిగి, అందులోని క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుంది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది. ఇలాంటి గ్యాసుల వాడకాన్ని అరికట్టేందుకు 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. రబ్బరు గొట్టాలూ ఇరుసు సీళ్లూ ఉన్న కార్లు ఈ కథలో పెద్ద ముద్దాయిలు.

ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏలో క్లోరిన్ లేదు. కానీ దాన్ని పాత కారులో అలాగే నింపితే పనిచేయదు. ఆర్-12తో తిరిగిన ఖనిజ నూనె ఇందులో కలవదు, కాబట్టి పీఏజీ అనే కృత్రిమ నూనె కావాలి. ఆర్-134ఏ అణువు చిన్నది, పాత రబ్బరులోంచి తేలిగ్గా దూరుతుంది, కాబట్టి లోపల నైలాన్ పొర ఉన్న గొట్టాలు కావాలి. డ్రయర్ గుళికలూ ఓ-రింగులూ మారాలి. పొరపాటున ఒకదానిలో ఇంకొకటి నింపకుండా గ్యాసు పట్టే మూతుల ఆకారం కూడా మార్చేశారు. 1990ల మధ్యకు అమెరికా కొత్త కార్లన్నీ ఆర్-134ఏకు మారాయి. పాత కార్లు మిగిలే ఉన్నాయి, ఆర్-12 ధర ఆకాశానికంటింది, మెక్సికో సరిహద్దు మీదుగా, మయామి రేవు గుండా దొంగసరుకు వచ్చింది. నియమాల వల్ల కలిగిన మేలు ఇంకొకటుంది. వాడిన గ్యాసును యంత్రంతో తిరిగి పట్టడం, వ్యాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేయడం, గ్రాముల లెక్కన తూచి నింపడం అప్పుడే పద్ధతిగా మారాయి.

భారతదేశం మాంట్రియల్ ఒప్పందంలో 1992లో చేరింది. కారు ఏసీ ఇక్కడ వాడుకలోకి రావడమే ఆలస్యం. అంబాసిడర్, ఫియట్ యజమానులు బయటి గ్యారేజీల్లో డ్యాష్‌బోర్డు కింది పెట్టెలు బిగించుకునేవారు. మారుతి వచ్చాక, 1985లో డెన్సో, సుజుకీ భాగస్వామ్యంతో సుబ్రోస్ సంస్థ ఏర్పడి ఇక్కడే ఏసీలు తయారుచేసింది. కొత్త పరికరాల్లో ఆర్-12 లాంటి గ్యాసుల వాడకం 2003 జనవరి 1 నుంచి, వాటి తయారీ 2010 జనవరి 1 నుంచి, కొన్ని మినహాయింపులతో నిలిచిపోయాయి. తెలుగునాట దూరప్రయాణం చేసే సామాన్యుడికి బండిలో చల్లదనం దగ్గరైంది కారుతో కాదు, ఆర్టీసీ గరుడ వోల్వోల్లాంటి ఏసీ బస్సులతో. వాటిలో కండెన్సరూ కాయిలూ బస్సు పైకప్పు మీదే ఉంటాయి. లారీ డ్రైవరు వంతు అందరికంటే ఆఖరున వచ్చింది. 3.5 టన్నులు దాటిన కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసే నిబంధన 2025లో గానీ అమలుకు రాలేదు.

ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు గానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే కిలోకు కిలో 1,430 రెట్లు బలమైనది. ఐరోపా సంఘం 2006 నాటి ఆదేశంతో ఈ లెక్క 150 దాటిన గ్యాసును 2017 నుంచి కొత్త కార్లన్నిట్లో నిషేధించింది. బదులుగా వచ్చిన ఆర్-1234వైఎఫ్ కొన్ని రోజుల్లోనే గాలిలో విరిగిపోతుంది, కానీ కొద్దిగా మండే గుణముంది. 2012లో డైమ్లర్ తన పరీక్షలో అది వేడి ఇంజను మీద అంటుకుందని ప్రకటించి, కొంతకాలం దాన్ని వాడనని మొండికేసింది. తరవాత కొన్ని కార్లలో కార్బన్ డయాక్సైడ్‌నే గ్యాసుగా వాడింది. ఆ గ్యాసు 31 డిగ్రీలు దాటాక ఎంత నొక్కినా ద్రవం కాదు, గొట్టాల్లో ఒత్తిడి వంద వాతావరణాలు దాటుతుంది. జర్మనీ వేసవికి సరిపోయినంతగా అది మన ఎండలకు నప్పదు.

విద్యుత్తు కార్లు బెల్టును పూర్తిగా తీసేశాయి. 2003లో వచ్చిన రెండో తరం టయోటా ప్రియస్ పెట్రోలు ఇంజను ఉన్న కారే అయినా, అందులో కంప్రెసర్‌ను సొంత మోటారు తిప్పింది. మోటారూ కంప్రెసరూ ఒకే డొప్పలో చేరడంతో తిరిగే ఇరుసు బయటికి రావలసిన అవసరం లేదు, సీలు కారే బాధా లేదు. ఇంజను వేగంతో పని లేదు కాబట్టి సిగ్నల్ దగ్గర కూడా కావలసినంత చల్లదనం వస్తుంది. ఇందులో పీఏజీ నూనె వాడితే విద్యుత్తు లీకయ్యే ప్రమాదం ఉంది, దాని బదులు పీఓఈ అనే మరో రకం నూనె పోయాలి. అదే గ్యాసు దారిలో ఒక పాయ ఇప్పుడు బ్యాటరీని కూడా చల్లబరుస్తుంది. ఈ కార్లలో ఏసీ పాడైతే ఉక్కపోతే కాదు, ఫాస్ట్ ఛార్జింగు కూడా నెమ్మదిస్తుంది.

ఆర్-134ఏ లాంటి గ్యాసుల వాడకాన్ని ప్రపంచమంతా తగ్గించాలని 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో ఒప్పందం కుదిరింది. భారత్ దాన్ని 2021లో ఆమోదించింది. ఆ ఒప్పందం ప్రకారం మన దేశంలో తగ్గింపు 2032లో 10 శాతంతో మొదలై, 2047 నాటికి 85 శాతానికి చేరాలి.